ఉప్పు రోడ్డెక్కే లోపు: తుప్పు పట్టిన పాత జర్మన్ కారు ఉన్నవాళ్ళకి కొన్ని జాగ్రత్తలు

అక్టోబర్ ఆఖరికి వచ్చేశాం. ఇంకో మూడు నాలుగు వారాలు పోతే ఇక్కడ జర్మనీలో స్టుట్‌గార్ట్ చుట్టుపక్కల రాత్రుళ్ళు మంచు పేరుకోవడం, తెల్లారేసరికి అది కరగడానికి రోడ్ల మీద ఉప్పు చల్లే బండ్లు తిరగడం మొదలవుతుంది. మీ దగ్గర పాత బెంజో, ఫోక్స్‌వాగన్ బీటిలో, మొదటి తరం గోల్ఫో ఉంటే అసలు టెన్షన్ పడాల్సింది ఇప్పుడే. కారుని చలికాలానికి పడుకోబెట్టడం, ఆ నాలుగైదు నెలల్లో తుప్పు పని చేసుకోవడం, ఈ రెండింట్లోనూ కారుకి జరిగే నష్టం కొంత, మనకి జరిగే ప్రమాదం ఇంకొంత ఉంటుంది. ఈ మధ్య ఇక్కడికి కొత్తగా వచ్చి పాత కారు కొన్న తెలుగు తమ్ముడొకడు "అన్నా, ఉప్పే కదా, వసంతంలో కడిగేస్తే పోతుందిగా" అన్నాడు. అందుకే కూర్చుని ఇదంతా రాస్తున్నాను.

నాది మెర్సిడెస్ బెంజ్ డబ్ల్యూ 123, అందులో 240 డి అనే డీజిల్ కారు. 1976 నుంచి 1986 దాకా సుమారు 27 లక్షలు తయారైన మోడల్ అది. ఇంజిన్ని సరిగ్గా చూసుకుంటే లక్షల కిలోమీటర్లు నడుస్తుంది, దాని గురించి నాకు బెంగ లేదు. ఈ కార్లని చంపేది రేకు. నేను పెరిగింది విశాఖలో, సముద్రం గాలికి కిటికీ గ్రిల్స్ ఏటా గోకి రంగు వేయకపోతే ఏమవుతాయో చూస్తూ పెరిగాను. ఇక్కడ ఆ ఉప్పు గాలిలో రాదు, చక్రాలు చిమ్మే నీళ్ళతో నేరుగా కారు అడుగుకి వెళ్ళి అతుకుల మధ్య కూర్చుంటుంది. ఒకసారి కూర్చున్నాక గాలిలో తేమ చాలు దానికి, వాన కూడా అక్కర్లేదు.

ముందు చూడాల్సింది తుప్పుని కాదు, నీళ్ళు ఎటు నుంచి వస్తున్నాయి, ఎటు పోవాలి అన్నది. సన్‌రూఫ్ ఉంటే దాని మూలల్లోంచి కిందకి సన్న గొట్టాలుంటాయి, వాటిలో దుమ్ము, ఆకు చెత్త అడ్డుపడితే వాన నీళ్ళు లోపలికే దిగుతాయి. కొంచెం కొంచెంగా నీళ్ళు పోసి బయటికి వస్తున్నాయో లేదో చూడండి, ఇనుప తీగ పెట్టి పొడవకండి, గొట్టం చిరిగితే పని ఇంకా పెద్దదవుతుంది. తలుపుల అడుగున సన్న చిల్లులుంటాయి, అవి మూసుకుపోకూడదు. బానెట్ వెనక, అద్దం కింద గాలి లోపలికి వెళ్ళే చోట ఆకులు కుళ్ళి నల్లటి మట్టిలా తయారవుతాయి, మొత్తం చేత్తో తీసేయండి. డబ్ల్యూ 123 లో అయితే వెనక లైట్ల రబ్బరు ఎండిపోయి డిక్కీ పక్క గుంతల్లోకి, స్టెప్నీ కిందకి నీళ్ళు చేరతాయి. స్టెప్నీ ఎత్తి కింద చెయ్యి పెట్టి చూడండి. నీళ్ళ దారి సరిచేయకుండా రేకు వేస్తే రెండు మూడేళ్ళకి అదే చోట మళ్ళీ వెల్డింగ్ చేయాల్సి వస్తుంది, నా కారుకి కుడి వెనక మూల అలాగే రెండుసార్లు చేశాను.

ఆ తర్వాత తుప్పు వెతకాలి. స్క్రూడ్రైవర్ పిడితో సిల్ (తలుపుల కింద ముందు నుంచి వెనక దాకా ఉండే రేకు పెట్టె లాంటి భాగం) పొడుగునా తడుతూ వెళ్ళండి. గట్టి రేకు టంగ్ మని పలుకుతుంది, లోపల పొరలు విడిపోయిన రేకు మెత్తగా టప్ మంటుంది. అలా పలికిన చోట మొన పెట్టి నొక్కితే తెలిసిపోతుంది. పైన మడ్‌గార్డ్ల మీద అయితే సన్న గుడ్డ చుట్టిన అయస్కాంతం జరుపుతూ వెళ్తే లప్పం ఉన్నచోట అంటుకోకుండా జారిపోతుంది. కొనేటప్పుడు కూడా ఇదే చేయాలి. నేను చేయలేదు. అడుగంతా కొత్తగా నల్లటి తారు పూత వేసి ఉంటే, అబ్బ ఎంత బాగా చూసుకున్నారో అనుకుని సంతోషించాను. ఆర్నెల్ల తర్వాత ఆ పూత ఒక చోట బుడగలా లేచింది, వేలితో లాగితే చేటంత ముక్క ఊడొచ్చింది, దాని వెనక తడి గోధుమరంగు పొడి తప్ప రేకు లేదు. అమ్మే ముందు పాత కారు అడుగున తాజా నల్ల పూత కనిపిస్తే అది అనుమానించాల్సిన విషయం, మెచ్చుకోవాల్సింది కాదు. ఇక్కడ రెండేళ్ళకోసారి తప్పనిసరి తనిఖీ ఉంటుంది కదా, బరువు మోసే భాగాల్లో చిల్లు పడేంత తుప్పు ఉంటే పాస్ చేయరు, లప్పం పెట్టి మూస్తే అసలే ఒప్పుకోరు.

ఇక కారుని పడుకోబెట్టడం. అడుగుని బాగా కడగాలి, కానీ జెట్ పైపు దగ్గరగా పెట్టి కొట్టకండి, ఆ ఒత్తిడికి నీళ్ళు, ఉప్పు అతుకుల్లోపలికి దూరిపోతాయి. ఎక్కువ నీళ్ళు, తక్కువ ఒత్తిడి. ఇంటి ముందు మట్టి నేల మీద కడగకండి, కార్లు కడిగే చోటుకే వెళ్ళండి. కడిగాక పొడి ఎండ ఉన్న రోజు చూసి ఓ 30 కిలోమీటర్లు నడిపి అన్నీ ఆరాకే గరాజ్‌లో పెట్టండి. తడిసిన ఉప్పు కారుని వెచ్చటి గరాజ్‌లో పెట్టడం కంటే చల్లగా, పొడిగా, గాలి ఆడే షెడ్డులో పెట్టడం చాలా నయం. వెచ్చదనం, తడి, ఉప్పు మూడూ కలిస్తే తుప్పు పరిగెడుతుంది. ప్లాస్టిక్ పట్టా కప్పకండి, లోపల చెమ్మ పడుతుంది, గాలి ఆడే గుడ్డ కవర్ కప్పండి. ఇంజిన్ ఆయిల్ వసంతంలో కాదు, ఇప్పుడే మార్చండి, వాడిన ఆయిల్లో ఉండే ఆమ్లాలు, తేమ నాలుగు నెలలు బేరింగుల మీద ఊరకూడదు. పెట్రోల్ కారైతే ట్యాంకు నిండుగా ఉండాలి, ఖాళీ చోటుంటే ఇనప ట్యాంకు లోపల నీటి చెమ్మ పడుతుంది. డీజిల్ కారైతే నింపేది చలికాలపు డీజిల్ అయ్యుండాలి, వేసవి డీజిల్ గట్టి చలికి మైనంలా చిక్కబడి ఫిల్టర్ని మూసేస్తుంది. హ్యాండ్ బ్రేక్ లాగి వదిలేయకండి, పట్టుకుపోతుంది, గేర్లో పెట్టి చక్రాలకి చెక్క దిమ్మలు అడ్డం పెట్టండి. మధ్యలో స్టార్ట్ చేసి ఐదు నిమిషాలు ఉంచి ఆపేయడం చాలామందికి అలవాటు, అది మేలు చేయదు. ఇంజిన్ పూర్తిగా వేడెక్కకుండా ఆపితే సైలెన్సర్లో, ఆయిల్లో నీళ్ళు మిగిలిపోతాయి.

నంబర్ ప్లేట్ సంగతి కూడా చూసుకోండి. 30 ఏళ్ళు దాటిన కారు అసలు రూపంలో బాగుంటే హెచ్ ప్లేట్ (పాతకాలపు కార్లకిచ్చే ప్రత్యేక నంబర్ ప్లేట్) వస్తుంది, దానికి పన్ను ఏడాదికి 191.73 యూరోలే. దాన్ని ఏడాదిలో కొన్ని నెలలకే చెల్లే సీజన్ ప్లేట్‌గా కూడా తీసుకోవచ్చు, కానీ ప్లేట్ మీద లేని నెలల్లో కారుని వీధిలో నిలిపి ఉంచడం కూడా కుదరదు, నడపడమే కాదు. సొంత స్థలమో, అద్దె గరాజో ముందే చూసుకోండి.

ఇప్పుడు అసలు ప్రమాదం ఉన్న పని. దయచేసి జాకీ ఒక్కదాన్నే నమ్మి కారు కిందకి దూరకండి. డబ్ల్యూ 123 సిల్‌కి ప్లాస్టిక్ మూతలుంటాయి, వాటి వెనక కన్నంలో కారుతో వచ్చిన జాకీ చెయ్యి దూరుతుంది. ఒకసారి నేను అలా ఎత్తుతుంటే కారు ఎత్తు పెరగడం లేదు, జాకీ చెయ్యి మాత్రం పైకి వెళ్తోంది. ఒక్క క్షణం అర్థం కాలేదు. వంగి చూస్తే ఆ గొట్టం చుట్టూ ఉన్న రేకు కరకరమని చిరుగుతూ సిల్ లోపలికి నలిగిపోతోంది, పొడి రాలుతోంది. చక్రాలు ఇంకా నేల మీదే ఉన్నాయి కాబట్టి సరిపోయింది. తుప్పు ఉన్న కారుని సిల్ దగ్గర ఎత్తకండి, స్టాండ్లు కూడా అక్కడ పెట్టకండి. ముందు క్రాస్ మెంబర్, వెనక డిఫరెన్షియల్ లాంటి బరువు మోసే గట్టి చోట్ల ఎత్తి, స్టాండ్ల మీద దించి, కారుని భుజంతో బలంగా ఊపి చూసి, కదలకపోతేనే కిందకి వెళ్ళాలి. విప్పిన చక్రాలని కూడా సిల్ కింద పడుకోబెట్టి ఉంచండి. గరాజ్ నేల ఏటవాలుగా ఉంటే, లేదా అద్దె గరాజ్‌లో వెల్డింగ్‌కి ఒప్పుకోకపోతే, గంటల లెక్కన లిఫ్ట్ అద్దెకిచ్చే వర్క్‌షాపులు చాలా ఊళ్ళలో ఉన్నాయి, ఆ డబ్బులు పెట్టడం తప్పు కాదు. ఆదివారం మాత్రం గ్రైండర్ ముట్టుకోవద్దు, పక్కింటివాళ్ళతో గొడవ మొదలవుతుంది.

వెల్డింగ్‌కి ముందు బ్యాటరీ తీసేయండి, ఆల్టర్నేటర్ కనెక్షన్ కూడా. వెల్డింగ్ మెషీన్ ఎర్త్ క్లిప్ అతికే చోటుకి దగ్గరగా పెట్టండి, కరెంటు బేరింగుల గుండా పోకూడదు. లోపల సీటు, కార్పెట్, దాని కింద తారు షీటు అన్నీ పీకేయాలి. సిల్ లోపల తుప్పు పట్టకుండా పోసిన పాత మైనం ఉంటుందని, దానికి నిప్పంటుకోవచ్చని మర్చిపోకండి. మేం సిల్ ముందు భాగాన అతుకుతుంటే, మీటరు దూరంలో వెనక చక్రం దగ్గరున్న చిల్లులోంచి తెల్లటి పొగ సన్నగా వచ్చింది. పక్కన ఫ్రెండ్ నీళ్ళ స్ప్రేతో కూర్చుని ఉండబట్టి చూశాడు, మాస్క్ పెట్టుకున్న నాకు ఏమీ కనిపించలేదు. ఒంటరిగా వెల్డింగ్ చేయకండి, పక్కన ఫైర్ ఎక్స్‌టింగ్విషర్ ఉండాలి, పని అయ్యాక కనీసం గంటసేపు అక్కడే ఉండి రేకు మీద చెయ్యి పెట్టి పెట్టి చూడండి. పెట్రోల్ ట్యాంకు ఖాళీగా ఉంది కదా అని ధైర్యం చేయకండి, ఖాళీ ట్యాంకులో ఆవిరే ఎక్కువ ప్రమాదం. ట్యాంకుని, పని చేసే చోటు దగ్గర ఇంధనం పైపుల్ని, బ్రేక్ పైపుల్ని తీసి పక్కన పెట్టండి. ఒకేసారి రెండు సిల్స్ కోయకండి, తలుపు సందులు కొలిచి రాసుకుని, లోపల ఇనుప కమ్మీ అడ్డం అతికాకే ఒక వైపు కోయండి, చుక్కలు చుక్కలుగా అతుకుతూ చల్లారనివ్వండి.

పొగ గురించి చెప్పక తప్పదు. జింక్ పూత ఉన్న రేకు అతికితే వచ్చే పొగకి కొన్ని గంటల తర్వాత చలి, జ్వరం వస్తాయి. మన దగ్గర వెల్డింగ్ చేసేవాళ్ళు పాలు తాగితే సరిపోతుందంటారు, పాలు ఊపిరితిత్తుల్లోకి వెళ్ళిన పొగని ఆపలేవు, అతికే చోట జింక్ గోకేసి, గాలి వచ్చేలా చూసుకుని, సరైన మాస్క్ పెట్టుకోవడం ఒక్కటే మార్గం. బ్రేక్ క్లీనర్‌తో తుడిచిన రేకుని వెంటనే వెల్డింగ్ చేయకండి. క్లోరిన్ ఉన్న రకమైతే వేడికి ఫాస్జీన్ అనే విషవాయువు పుడుతుంది, క్లోరిన్ లేనిదైతే భగ్గుమంటుంది. ఫ్యాక్టరీలోనే అతుకుల మీద సీసం నింపిన చోట్లుంటాయి, బూడిద రంగులో మెత్తగా ఉంటుంది, దాన్ని గ్రైండర్‌తో అరగదీయకండి, కరిగించి చెక్క గరిటెతో తీయాలి. పాత బ్రేక్ లైనింగుల్లో ఆస్బెస్టాస్ ఉండొచ్చు, జర్మనీలో దాన్ని నిషేధించింది 1993 లో, అంతకు ముందు కారుకి గాలి కొట్టి డ్రమ్ములు శుభ్రం చేయొద్దు, తడి గుడ్డతో తుడిచి ఆ గుడ్డని మూటకట్టి పారేయండి. బకెట్లో వాషింగ్ సోడా, కరెంటు పెట్టి తుప్పు వదిలించేవాళ్ళు కరెంటు ప్లస్ వైపున స్టెయిన్‌లెస్ స్టీల్ ముక్క పెట్టకండి, అందులోంచి విష క్రోమియం వస్తుంది, మామూలు ఇనుమే పెట్టండి, అందులో పుట్టే హైడ్రోజన్ పోవడానికి కిటికీ తెరవండి. అవిసె నూనె కలిసిన, తుప్పుని ఆపే నూనెలు తుడిచిన గుడ్డల్ని ఉండచుట్టి మూల పడేస్తే వాటంతటవే నిప్పంటుకుంటాయి, విడదీసి బయట ఆరేయండి.

బీటిల్ ఉన్నవాళ్ళకి రెండు మాటలు. బ్యాటరీ వెనక సీటు కింద ఉంటుంది, దానికి మూత లేకపోతే సీటు స్ప్రింగులు టెర్మినల్స్‌కి తగిలి సీటుకి నిప్పంటుకుంటుంది. హీటర్ గాలి సైలెన్సర్ గొట్టాల చుట్టూ తిరిగి లోపలికి వస్తుంది, అక్కడ తుప్పుకి చిల్లు పడితే చలిలో అద్దాలు మూసుకుని కార్బన్ మోనాక్సైడ్ పీలుస్తారు, వాసన కూడా రాదు. చలికాలంలో దాన్ని నడిపేవాళ్ళు లోపల చిన్న అలారం పెట్టుకోండి.

మార్చిలో కవర్ తీశాక తాళం తిప్పి నేరుగా ఆటోబాన్ (హైవే) ఎక్కకండి. బ్రేక్ ద్రవం రెండేళ్ళు దాటి ఉంటే మార్చండి, తేమ పీల్చుకుని ఉంటుంది. టైర్ల గాలి నింపి, గొట్టాలు నొక్కి చూసి, వీధిలో నెమ్మదిగా కదిలిస్తూ పది పన్నెండుసార్లు బ్రేకు నొక్కండి. ఒక పక్కకి లాగితే వెనక్కి తిరిగి గరాజ్‌కే.