కంచం దగ్గర గొడవ లేకుండా, 3వ పాఠం: "ఇంకొక్క ముద్ద" మానుకోవడం

పోయినసారి వెయిట్ వారానికి ఒక్కసారే చూడాలి, రోజూ మిషన్ ఎక్కించి ఇంట్లో ఉన్న కాన్సర్ పేషెంట్‌ని హడలగొట్టొద్దు అనుకున్నాం కదా, ఈసారి అంతకన్నా కష్టమైంది, అన్నం పెట్టేటప్పుడు మన నోటికొచ్చే మాట మార్చుకోవడం.

ముందు ఒకటి బుర్రకెక్కాలి. కాన్సర్‌లో చిక్కిపోవడానికి తిండి తగ్గడం ఒక్కటే కారణం కాదు, ఒంట్లో ఇన్‌ఫ్లమేషన్ (లోలోపలి వాపు) వల్ల కండ కరిగిపోతుంది, ఆకలి చచ్చిపోతుంది, దీన్నే కాకెక్సియా అంటారు. 2011లో నిపుణులు పెట్టిన లెక్క ప్రకారం 6 నెలల్లో బరువు 5 శాతం పైన తగ్గితే, అంటే 60 కిలోల మనిషి డైటింగ్ గట్రా ఏమీ లేకుండా 57 కిందకి పడితే అదే. మామూలుగా తిండి పెంచితే ఇది పూర్తిగా వెనక్కి రాదని కూడా అందులోనే చెప్పారు. సో మీ వంటలో లోపం లేదు, పేషెంట్‌ది మొండితనమూ కాదు.

ఇప్పుడు మనిళ్ళల్లో జరిగేది చూడండి. అమ్మ నెయ్యేసి పప్పన్నం కలిపి పెడుతుంది, నాన్న రెండు ముద్దలకే చాలంటారు, "నాకోసం ఇంకొక్కటి" అంటుంది, ఆయన కాదనలేక మింగుతారు, అరగంటకి వాంతి, ఆ తర్వాత ఇద్దరూ మాట్లాడుకోరు. ఆవిడది భయం, ఆయనది తినలేకపోతున్నానే అన్న సిగ్గు, బయటికి మాత్రం కోపంలా కనిపిస్తుంది.

ప్రాక్టీస్ ఏంటంటే, "తినాలి" బదులు "ఇప్పుడేమైనా సయిస్తుందా, లేకపోతే తర్వాత చూద్దామా" అనండి. వద్దంటే నిట్టూర్చకుండా కంచం తీసేయండి (ఈ నిట్టూర్పు ఆపడమే అన్నిటికన్నా కష్టం). పెద్ద కంచం వద్దు, చిన్న గిన్నెలో నాలుగు చెంచాల పెరుగన్నం చాలు. తినిపించే పని తగ్గితే చేతులు ఊరుకోవు కదా, కాళ్ళకి కొబ్బరినూనె రాయండి, పక్కన కూర్చుని సీరియల్ చూడండి, అదీ సేవే.

అలాగని అన్నీ వదిలేయమని కాదు. నోటిపుండ్లు, వాంతులు, మలబద్ధకం ఉంటే డాక్టర్‌కి చెప్పాలి, వాటికి మందులున్నాయి. పుదుచ్చేరి జిప్‌మర్ ఆసుపత్రిలో కీమో పేషెంట్లకి ఓలాంజపిన్ అనే మందు తక్కువ డోసులో ఇచ్చి చూస్తే చాలామందికి ఆకలి, బరువు పెరిగాయని 2023లో ఒక స్టడీ వచ్చింది, అడిగి చూడండి, సొంతంగా మాత్రం కొనొద్దు.

హోంవర్క్: ఈ వారం కంచం దగ్గర మీరన్న మాటలు ఉన్నవున్నట్టు రాసుకోండి. 4వ పాఠంలో "అయ్యో ఇలా అయిపోయాడేంటి, తిండి పెట్టట్లేదా" అనే చుట్టాల సంగతి చూద్దాం.