ఒక్క సాకెట్ దగ్గరే ఉండిపోకండి
ఏ సాకెట్‌లో (నెట్‌వర్క్ కనెక్షన్‌లో సర్వర్ వైపు కొసలో) డేటా వచ్చిందో సర్వర్‌కు చెప్పే సదుపాయం లైనక్స్‌లోని ఈపోల్ (epoll). దాన్ని ఎడ్జ్ ట్రిగ్గర్ పద్ధతిలో, అంటే కొత్త డేటా వచ్చినప్పుడే కబురు అందేలా, వాడేటప్పుడు ఈఏగెయిన్ (EAGAIN, ‘ప్రస్తుతం చదవడానికి ఏమీ లేదు’ అనే జవాబు) వచ్చేదాకా చదవాలంటారు. నిజమే. కానీ ఒక క్లయింట్ ఆపకుండా డేటా పంపుతుంటే ఆ జవాబు ఎంతకీ రాదు, మిగతా కనెక్షన్లన్నీ ఎదురుచూస్తూ ఉండిపోతాయి. అందుకే విడతకు ఒక్కో సాకెట్ నుంచి ఇంతే అని, ఉదాహరణకు 64 కేబీ, హద్దు పెట్టండి.

అసలు జాగ్రత్త ఆ తర్వాతే. కొత్త డేటా వస్తే తప్ప, బఫర్‌లో (వచ్చిన డేటా చదివేదాకా ఉండే చోట) మిగిలినదాని గురించి కెర్నల్ (లైనక్స్ మూల భాగం) మళ్లీ చెప్పదు. ఆ సాకెట్‌ను మీరే ఒక జాబితాలో పెట్టుకుని తర్వాతి విడతలో చదవాలి. జాబితాలో ఏదైనా ఉన్నంతసేపు ఈపోల్ వెయిట్‌కు (epoll_wait, కబురు కోసం ఎదురుచూసే కాల్) టైమౌట్ 0 ఇవ్వండి, అంటే అది ఆగకుండా వెంటనే తిరిగి రావాలి. లేదంటే చదవాల్సింది ఉండగానే సర్వర్ నిద్రపోతుంది. లోడ్ తక్కువగా ఉన్నప్పుడే బయటపడే బగ్ ఇది, పట్టుకోవడం చాలా కష్టం.

లెవెల్ ట్రిగ్గర్ (డేటా మిగిలి ఉన్నంతసేపు ప్రతిసారీ కబురు అందే పద్ధతి) అయితే ఈ జాబితా అక్కర్లేదు, హద్దు చాలు.