ఎరువుల ఎంపికను బట్టి బియ్యం నాణ్యత: వరి సాగులో పాటించవలసిన పద్ధతులు

వరికి వేసిన ఎరువు ఫలితాన్ని సాధారణంగా దిగుబడితోనే లెక్కిస్తారు. గింజలో మాంసకృత్తులు, జింకు ఎంత చేరాయి, కాడ్మియం, ఆర్సెనిక్ వంటి హానికర మూలకాలు ఎంత చేరాయి అన్నది కూడా, నేల, వంగడాలతో పాటు, ఎరువుల మీదా నీటి యాజమాన్యం మీదా ఆధారపడుతుంది. కాబట్టి ముందుగా భూసార పరీక్ష చేయించి, ఉదజని సూచిక (నేల ఆమ్ల, క్షార గుణాల కొలత), లభ్య భాస్వరం, లభ్య జింకు ఎంతున్నాయో తెలుసుకోవాలి.

నత్రజనిని ఒకేసారి వేయకుండా దమ్ములోనూ, పిలకలు తొడిగేటప్పుడూ, కంకి అంకురం ఏర్పడే దశలోనూ విభజించి వేయాలి. చివరి దఫా గింజలోని మాంసకృత్తులను పెంచడానికి తోడ్పడుతుంది. అయితే మోతాదు మించితే పైరు ఏపుగా పెరిగి పడిపోతుంది; అగ్గితెగులు, దోమపోటు ఎక్కువై, కోతకు దగ్గరలో మందులు కొట్టవలసి వచ్చి, వాటి అవశేషాలు గింజలో మిగిలే ప్రమాదం ఏర్పడుతుంది. ఆకు రంగు పట్టికతో పోల్చి చూసి, పైరుకు అవసరమైనప్పుడే యూరియా వేయడం మేలు. నిలువ నీటి పొలంలో నైట్రేట్ రూపంలోని నత్రజని వాయువుగా మారి వృథా అవుతుంది కనుక అటువంటి ఎరువులను ఎంచుకోకూడదు.

అందరూ తేలికగా తీసుకునేది భాస్వరమే. నేలలో నిల్వలు ఉన్నా ఏటా డీఏపీ వంటి భాస్వరం ఎరువు వేస్తూ పోతే మొక్కకు జింకు అందదు. పైగా గింజలో భాస్వరం నిల్వ ఉండే రూపమైన ఫైటిక్ ఆమ్లం పెరిగి, ఉన్న జింకు, ఇనుము కూడా తిన్నవారి ఒంటికి సరిగా పట్టవు. జింకు లోపించిన పైరులో ముదురాకుల మీద ఇటుక రంగు మచ్చలు కనిపిస్తాయి. ఆకును వంచితే పెళుసుగా విరుగుతుంది. జింకు సల్ఫేటును భాస్వరం ఎరువుతో కలిపి వేస్తే రెండూ కరగని రూపంలోకి మారతాయి కాబట్టి కొన్ని రోజుల ఎడం పాటించాలి. నేలలో వేసిన జింకు ప్రధానంగా లోపాన్ని సవరించి దిగుబడిని నిలబెడుతుంది. గింజలో జింకు పెరగాలంటే పూత ముగిసి పాలుపోసుకునే దశలో లీటరు నీటికి 5 గ్రాముల జింకు సల్ఫేటు కలిపి, ఎండ తగ్గాక ఆకుల మీద పిచికారీ చేయడం మెరుగైన పద్ధతి.

కొన్ని ఫాస్ఫేట్ ఎరువులలో ముడి రాతి నుంచి వచ్చిన కాడ్మియం ఉంటుంది. అది ఆమ్ల నేలల్లో మొక్కకు సులువుగా అందుతుంది కనుక అక్కడ సున్నం వేయాలి. అమ్మోనియం సల్ఫేట్ వంటి, ఆమ్లతను పెంచే ఎరువులను తగ్గించాలి. ఇక్కడొక చిక్కుంది: నీరు నిలిపితే కాడ్మియం తగ్గుతుంది గానీ ఆర్సెనిక్ పెరుగుతుంది, ఆరబెడితే ఇది తారుమారవుతుంది. పాలిష్ చేసిన బియ్యంలో కిలోకు కాడ్మియం 0.4 మిల్లీగ్రాములు, నిరింద్రియ ఆర్సెనిక్ (కర్బనంతో కలవని, ఎక్కువ విషపూరితమైన రూపం) 0.2 మిల్లీగ్రాములు మించకూడదని అంతర్జాతీయ ఆహార ప్రమాణాల సంస్థ కోడెక్స్ చెబుతోంది. నేలలో ఏది ఎక్కువుందో పరీక్షలో తేలాకే ఆరుతడి పెట్టాలో, నీరు నిలపాలో నిర్ణయించాలి. ఆర్సెనిక్ సమస్య ఉన్నచోట సిలికా ఇచ్చే పదార్థాలు మేలు చేస్తాయి. ఎందుకంటే ఆర్సెనిక్‌లో ఒక రూపం సిలికా దారిలోనే వేరులోకి ప్రవేశిస్తుంది; సిలికా ఎక్కువుంటే దానికి ఆ దారి తగ్గుతుంది.

సేంద్రియ ఎరువైనంత మాత్రాన నిరపాయకరమని అనుకోరాదు. మురుగునీటి మడ్డితోనూ, వేరుచేయని చెత్తతోనూ చేసిన కంపోస్టులో భారలోహాలు ఉండవచ్చు కాబట్టి పరీక్ష నివేదిక చూశాకే కొనాలి. బాగా చివకని పేడను నీరు నిలిచిన మడిలో వేస్తే నేలలో ప్రాణవాయువు మరింత తగ్గి ఆర్సెనిక్ కరుగుతుంది. పూర్తిగా చివికిన ఎరువును నాట్లకు ముందే కలియదున్నాలి.