రెండు బుట్టల నిమ్మకాయల్ని ఇలా వదిలించుకున్నా

అమలాపురంలో మా పెరటి చెట్టు ఈసారి విరగకాసింది, వీధిలో అందరికీ పంచినా ఇంకా రెండు బుట్టలు మిగిలాయి. ఊరగాయ పెడదామంటే ముసురు, ముక్కలు ఎండవు. అందుకే 100 కాయలు పిండి, గింజలు వడకట్టి, రసాన్ని ఐస్ ట్రేల్లో గడ్డకట్టించి కవర్లో వేసి ఫ్రీజర్‌లో పడేశాను. పులిహోరకి నాలుగు ముక్కలు చాలు, కానీ పొయ్యి ఆపాకే కలపాలి, లేకపోతే చేదొస్తుంది.

అసలు మజా తొక్కలది. కల్లుప్పు అద్ది అమ్మమ్మ ఇత్తడి బిందెని రుద్దితే, ఆ నల్లటి చిలుము సిట్రిక్ ఆమ్లానికి కరిగి నా చేతి కిందే పసుపు రంగు తేలింది. ఒకసారి మాత్రం కడగకుండా ఫోన్ మాట్లాడుతూ వదిలేశాను, ఎర్రటి మచ్చలు పడి మళ్లీ చింతపండుతో తోముకోవాల్సి వచ్చింది. వెంటనే కడిగి పొడిగుడ్డతో తుడిచెయ్యండి.

మిగిలిన తొక్కలు ఉప్పేసి జాడీలో పెట్టాను, ఎండ కాయనీ చూద్దాం.