పసిపిల్లలతో గుడారంలో తొలి రాత్రి: నెల్లూరు తీరంలో చేసుకోవలసిన ఏర్పాట్లు

మూడేళ్ల నుంచి ఎనిమిదేళ్ల వయసున్న పిల్లలతో ఆరుబయట ఒక రాత్రి గడపాలనుకునే కుటుంబం, చోటును ఎంచుకునేటప్పుడు అన్నిటికన్నా ముందు ఆసుపత్రికి చేరడానికి పట్టే సమయాన్ని లెక్క వేసుకోవాలి. నెల్లూరు జిల్లాలో గుడారం అనగానే చాలామందికి పెంచలకోన, వెలిగొండల అడుగు మనసులో మెదులుతాయి. ఆ కొండల్లో పెనుశిల నరసింహ అభయారణ్యం ఉన్నందున అటవీశాఖ అనుమతి లేకుండా అడవిలో రాత్రి బస చేయకూడదు. అడవి జంతువులు ఎక్కువగా కదిలేది కూడా చీకటి పడ్డాకే. పగటిపూట పెంచలకోన నరసింహస్వామి దర్శనం చేసుకుని, కోనంతా పిల్లలకు చూపించి, పొద్దు వాలకముందే తిరిగి రావడానికి అది చక్కని చోటు. రాత్రి బసకు మాత్రం నెల్లూరుకు సుమారు 25 కిలోమీటర్ల దూరంలో ఉన్న మైపాడు వైపు తీరం మేలు. ఒంగోలువారికి కొత్తపట్నం తీరం ఉంది. సముద్రమంటే జంకేవారు పొదలకూరు చుట్టుపక్కల బంధువుల నిమ్మతోటలో వేసుకోవచ్చు గాని, గుడారం పరిచే నేలమీద రాలిన ముళ్లపుల్లలను ముందుగా ఒక్కొక్కటిగా ఏరివేయాలి.

మన వైపు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాల వానలు, వాటి వెంట వాయుగుండాలు వస్తాయి. ఏప్రిల్, మే నెలల ఎండ పిల్లలకు ఎంతమాత్రం తగదు. సంక్రాంతి వెళ్లినప్పటి నుంచి ఫిబ్రవరి చివరి వరకు ఉన్న వారాలే ఇందుకు అనువైనవి. ఆ రోజుల్లోనూ తిథి చూసుకుని బయలుదేరితే మంచిదని నా అభిప్రాయం. శుద్ధ నవమి, దశమి రోజుల్లో చంద్రుడు పొద్దు గుంకేసరికే ఆకాశంలో పైకి వచ్చి ఉంటాడు; పిల్లలు అన్నం తిని నిద్రపోయేదాకా వెన్నెల ఉంటుంది, చీకటి భయం సగం తగ్గుతుంది. పైగా పున్నమి, అమావాస్యలకు వచ్చినంత పెద్ద పోటు ఆ రోజుల్లో రాదు.

తీరానికి చేరగానే పక్కనున్న పాలెంలో పెద్దలను కలిసి, పిల్లలతో ఫలానా చోట రాత్రి ఉంటున్నామని చెప్పాలి. స్థానిక పోలీసు స్టేషనులోనూ తెలియజేసి, అభ్యంతరం ఉందంటే వెనక్కి రావాలి. గాలి ఎటు తిరుగుతుందో, నీరు ఎక్కడిదాకా వస్తుందో మత్స్యకారులకు తెలిసినంతగా మరెవరికీ తెలియదు. వారు తెల్లవారుజామునే పడవలను నీటిలోకి నెడతారు కనుక ఆ దారిలోగాని, వలలు ఆరబెట్టే చోటగాని గుడారం వేయకూడదు. కేక వేస్తే పాలెంలో వినబడేంత దూరంలో ఉండడం అన్ని విధాలా క్షేమం.

మైపాడు పరిసరాల్లో సముద్రం కన్నా ముందు జాగ్రత్త పడవలసినవి రొయ్యల గుంటలు. వాటి గట్లు జారుడుగా, ఏటవాలుగా ఉంటాయి. చిన్నపిల్లవాడు అందులో పడితే తనంతట తాను ఎక్కి రాలేడు. నీటికి గాలి అందించే చక్రాలు తిప్పడానికి వేసిన కరెంటు తీగలు కూడా గట్లవెంటే ఉంటాయి. గుంటలు కనుచూపు మేరలో ఉన్న చోటును వదిలేసి మరో చోటు వెతుక్కోవడమే సరైన పని. సరుగుడు తోట నీడ హాయిగా ఉంటుంది గాని, నేలమీద మందంగా పరుచుకున్న ఎండాకు నిప్పురవ్వకే అంటుకుంటుంది. కనుక తోట అంచున, పోటు వదిలివెళ్లిన చెత్తగీతకు బాగా పైన, ఊదారంగు పూల తీగ ఇసుకపై పాకి ఉన్న చోట గుడారం వేసి, పొయ్యిని తోటకు దూరంగా ఒట్టి ఇసుకలో పెట్టాలి.

గుడారంతో వచ్చే ఇనుప మేకులు ఇసుకలో నిలవవు. నాలుగు బియ్యపు సంచులు తీసుకువెళ్లి, ఒక్కోదాన్ని ఇసుకతో నింపి, మూతిని గుడారపు తాడుతో బిగించి, మూరెడు లోతు గుంటలో పూడ్చి పైన తొక్కితే రాత్రంతా ఎంత గాలి వీచినా తాడు సడలదు. ఈ పనికి గంట పడుతుంది. అందువల్ల సాయంత్రం నాలుగింటికల్లా అక్కడ ఉండాలి. జనవరిలో ఆరు గంటల ప్రాంతంలోనే పొద్దు గుంకుతుంది. చీకట్లో తాళ్లు వెతుకుతూ, ఆకలితో ఏడ్చే పిల్లలను సముదాయించడం ఎవరివల్లా కాదు. నలుగురు పట్టే గుడారమని రాసి ఉన్నదాంట్లో ఇద్దరు పెద్దలు, ఇద్దరు పిల్లలు సామానుతో సహా ఇమడలేరు, ఆరుగురిది తీసుకోవాలి. అడుగు కలిపి కుట్టినదై, జిప్పు పూర్తిగా మూసుకునేదై ఉండడం తప్పనిసరి.

ఆ నియమం పాముల కోసం. కట్లపాము రాత్రిపూట తిరుగుతుంది, నేలమీద పడుకున్నవారినే ఎక్కువగా కరుస్తుంది. దాని కాటుకు నొప్పి, వాపు చాలాసార్లు కనిపించవు. నిద్రలో లేచిన పిల్లవాడు కడుపునొప్పి అంటూ ఉంటే, కనురెప్పలు వాలిపోతుంటే, గాటు కనబడకపోయినా 108కి ఫోన్ చేసి, విషానికి విరుగుడు మందు దొరికే ప్రభుత్వ ఆసుపత్రికి తీసుకువెళ్లాలి. కోయడం, బిగించి కట్టడం, నోటితో పీల్చడం ఏవీ చేయకూడదు. కాటు పడిన కాలు లేదా చేయి కదలకుండా ఉంచాలి. చెప్పులను లోపల పెట్టుకుని, ఉదయం దులిపి తొడగాలి. రాత్రి పిల్లవాడికి అవసరమైతే బయటకు పంపకుండా మూత ఉన్న చిన్న బకెట్టు లోపలే ఉంచుకోవడం ఎంతో సుఖం.

తీరంలో బోరు నీరు ఉప్పగా ఉండవచ్చు గనుక 20 లీటర్ల మంచినీటి క్యాను ఇంటినుంచే తేవాలి. ఓఆర్ఎస్ పొట్లాలు, జ్వరం మందు, దానిని కొలిచే మూత వెంట ఉండాలి. భోజనం ఇంట్లో వండి తేవడమే తెలివైన పని. చింతపండు పులుపువల్ల పులిహోర రాత్రికి పాడవదు. తెల్లవారి తినడానికి సున్నుండలు, చెక్కలు, అరటిపళ్లు చాలు. నెల్లూరువారు చేపల పులుసు లేకుండా ప్రయాణం కట్టరు. పిల్లలకు మాత్రం మసక వెలుతురులో ముళ్లున్న చేప పెట్టవద్దు. పాలు కాచుకునే స్టవ్వునుగాని, బొగ్గుల కుంపటినిగాని చలిగా ఉందని గుడారం లోపలికి తీసుకురాకూడదు. మూసి ఉన్న చోట దానినుంచి వచ్చే విషవాయువుకు వాసన ఉండదు, నిద్రలోనే ప్రాణం తీస్తుంది.

సముద్రంలోకి పిల్లలను దించేది ఉదయం వెలుతురులోనే, పిల్లవాడి మోకాలు దాటని నీటిలోనే, పెద్దవారి చేతికందే దూరంలోనే. ఒడ్డున పడి ఉన్న జెల్లీ చేపలు చచ్చినవైనా కుడతాయని ముందే చెప్పాలి. జనవరి నుంచి మార్చి దాకా ఈ తీరానికి ఆలివ్ రిడ్లీ తాబేళ్లు గుడ్లు పెట్టడానికి రాత్రిపూట వస్తాయి. వాటిని వెలుతురు బెదరగొడుతుంది కనుక లాంతరును నీటివైపు కాక గుడారం వెనుక పెట్టాలి. అదృష్టం కొద్దీ ఒకటి కనిపిస్తే, పిల్లలను దూరంగా కూర్చోబెట్టి, టార్చి వేయకుండా, ఫోటో తీయకుండా చూడనివ్వాలి. ఆ గంట కోసమే ఈ ఏర్పాట్లన్నీ చేసుకున్నా తప్పు లేదు.

వెళ్లడానికి ఓ వారం ముందు అదే గుడారాన్ని మిద్దెమీద వేసి, పిల్లలను ఒక రాత్రి అందులో పడుకోబెట్టండి. జిప్పు శబ్దం, గుడ్డ రెపరెపలు అలవాటవుతాయి. రోజూ కప్పుకునే దుప్పటినే తీరానికీ తీసుకువెళ్లండి.

తిరిగివచ్చేటప్పుడు డైపర్లు, ప్లాస్టిక్ కవర్లు అన్నీ ఒక సంచిలో వేసి ఊళ్లోని చెత్తబండికి అందించాలి. ఇసుకలో పాతితే కుక్కలు తవ్వి పాలెం దాకా ఈడ్చుకుపోతాయి. పూడ్చిన సంచులను తీసి, గుంటలు కప్పివేయాలి. ఇంటికి చేరిన రోజే గుడారాన్ని, ముఖ్యంగా జిప్పులను మంచినీటితో కడిగి నీడలో పూర్తిగా ఆరబెట్టిన తరువాతే మడవాలి. తేమతో మడిస్తే గుడ్డకు బూజు పడుతుంది, ఉప్పు పట్టిన జిప్పు మరుసటిసారి కదలదు.