యూరప్ అప్పుల పాఠాలు, 5వ భాగం: జనం కోపాన్ని చదవడం

పోయిన భాగంలో బాండ్ల మీద వడ్డీ ఎలా పెరుగుతుందో, అది ఒక హద్దు దాటాక ప్రభుత్వాలు ట్రోయికా దగ్గరికి ఎందుకు వెళ్లాల్సి వచ్చిందో చూశాం. ట్రోయికా అంటే గుర్తుందిగా, యూరోపియన్ కమిషన్, యూరోపియన్ సెంట్రల్ బ్యాంకు, ఐఎంఎఫ్ కలిసి షరతులు పెట్టి అప్పిచ్చే ఏర్పాటు. ఇప్పుడు అదే కథను ఆ షరతులు ఎవరి నెత్తిన పడ్డాయో వాళ్ల వైపు నుంచి చదవడం నేర్చుకుందాం.

'పొదుపు చర్యలపై భగ్గుమన్న జనం' అని ఒక హెడ్డింగ్, కింద టియర్ గ్యాస్ ఫొటో. మనకు దొరికే వార్త చాలాసార్లు అంతే. పొదుపు చర్యలంటే లోటు తగ్గించడానికి ప్రభుత్వం జీతాలూ ఖర్చులూ కోసి, పన్నులు పెంచడం; ఇక్కడ 'కోత' అన్న ప్రతిచోటా అదే. దాన్ని చూసి 'పాపం' అనో, 'అప్పు చేసి తిన్నవాళ్లు కట్టొద్దా' అనో అనేసి పేజీ తిప్పేస్తాం. రెండూ తొందరపాటే. ఈ భాగం పూర్తయ్యేసరికి అలాంటి వార్త ఏది కనపడ్డా మీ అంతట మీరు మూడు ప్రశ్నలు వేసుకోగలగాలి: కోత ఇంటికి ఏ కాగితం మీద వచ్చింది? ఎవరి దగ్గర తీసి ఎవరికి ఇస్తున్నారు? గొడవ చల్లారాక నిజంగా ఏం మారింది?

ఎంతమంది వచ్చారన్న ప్రశ్న ఇందులో లేదు. కావాలనే వదిలేశాను. పోలీసులు ఒక అంకె చెప్తారు, పిలుపిచ్చినవాళ్లు దానికి రెండింతలో మూడింతలో చెప్తారు, ఆ తగువులో పడితే అసలు సంగతి పక్కకు పోతుంది.

ముందు ఒక లెక్క చేద్దాం, పెన్ను తీసుకోండి

2012 సెప్టెంబరు 7. పోర్చుగల్ అప్పటికే, 2011 మే నుంచి, 7,800 కోట్ల యూరోల బెయిలవుట్‌లో, అంటే ట్రోయికా షరతుల అప్పులో, ఉంది. ప్రధాని పస్సోస్ కొయెల్యో టీవీలోకి వచ్చి ఒక నిర్ణయం చెప్పాడు. ఉద్యోగి జీతం నుంచి సామాజిక భద్రత నిధికి కట్ అయ్యేది అప్పటిదాకా 11 శాతం, ఇకమీదట 18 శాతం. యజమాని కట్టేది 23.75 శాతం, ఇకమీదట అదీ 18 శాతమే. యజమానులకు ఖర్చు తగ్గితే ఉద్యోగాలు పెరుగుతాయన్నది ప్రభుత్వం వాదన.

ఇప్పుడు నెలకు 1,000 యూరోల జీతం ఉన్న మనిషిని తీసుకోండి. ముందు 110 పోయేది, ఇప్పుడు 180 పోతుంది, అంటే చేతికి 70 తక్కువ. అదే మనిషి మీద యజమాని ముందు 237.50 కట్టేవాడు, ఇప్పుడు 180 కడితే చాలు, అంటే అతనికి 57.50 మిగులు. తేడా 12.50 ఖజానాకు. పోర్చుగల్‌లో సెలవుల బోనసు, క్రిస్మస్ బోనసు కలుపుకుని ఏడాదికి 14 జీతాలు, కాబట్టి 70ని 14తో గుణించండి. 980. దాదాపు ఒక నెల జీతం ఊడ్చుకుపోయినట్టే!

ఈ లెక్క చేశాక ఆ వార్తే వేరుగా కనపడుతుంది. పోయిన ప్రతి 70 యూరోల్లో 57.50 అప్పు తీర్చడానికి కాదు, యజమాని జేబులోకి. అప్పటిదాకా జీతాల కోతలనూ పన్నులనూ పళ్ల బిగువున భరించిన జనం సరిగ్గా ఇక్కడ తిరగబడ్డారు. సెప్టెంబరు 15న లిస్బన్, పోర్తో మొదలుకుని దేశంలో పదుల కొద్దీ ఊళ్లలో లక్షల మంది వీధుల్లోకి వచ్చారు, పిల్లల్ని భుజాన ఎక్కించుకుని వచ్చిన తల్లిదండ్రులు, పెన్షనర్లు, ఎప్పుడూ ఏ ఊరేగింపుకీ వెళ్లనివాళ్లు. ట్రోయికా గంగలో కలవనీ, మా బతుకులు మాకు కావాలి అన్నది పిలుపు. యజమానుల్లోనే చాలామంది ఈ నిర్ణయం మాకొద్దన్నారు, ఎందుకంటే జనం చేతిలో డబ్బు లేకపోతే వాళ్ల సరుకు కొనేదెవరు?

సెప్టెంబరు 21న అధ్యక్షుడు తన సలహా మండలిని పిలిచాడు, లోపల గంటల తరబడి చర్చ, బయట గేటు ముందు జనం. మూడు రోజులకు ప్రభుత్వం ఆ ప్రతిపాదనను వెనక్కి తీసుకుంది.

చాలామంది ఇక్కడే 'జనం గెలిచారు' అని రాసి కలం మూసేస్తారు. మన మూడో ప్రశ్న అందుకే ఉంది. అక్టోబరు 3న ఆర్థికమంత్రి వీతోర్ గాస్పర్ వచ్చి ఆ లోటు పూడ్చడానికి ఆదాయపు పన్ను భారీగా పెంచుతున్నామన్నాడు, 'భారీగా' అన్న ఆ మాట ఆయనే స్వయంగా వాడాడు. 2013లో పన్ను శ్లాబులు ఎనిమిది నుంచి ఐదుకు తగ్గాయి, పైన 3.5 శాతం సర్‌చార్జి. కోత పోలేదు, దారి మార్చుకుని వచ్చింది. మరి జనం సాధించింది శూన్యమా అంటే అదీ కాదు. కూలివాడి దగ్గర తీసి యజమానికి ఇచ్చే భాగం పోయింది, అది చిన్న విషయం కాదు. 2013 జులైలో గాస్పర్ రాజీనామా చేసినప్పుడు ఇచ్చిన లేఖలో ఈ విధానాలకు ప్రజల మద్దతు తగ్గిపోవడాన్ని కూడా ఒక కారణంగా రాశాడు. వారంలో ఒకటి, నెలలో ఒకటి, ఏడాదికి ఇంకొకటి, ఇలా మూడు చోట్ల ఆగి చూస్తే తప్ప ఒక ఊరేగింపు ఫలితం ఏంటో చెప్పలేం.

కరెంటు బిల్లు మీద వచ్చిన పన్ను

గ్రీస్ సంగతి అందరికీ తెలిసిందే అనుకుంటాం, 2010 మేలో 11,000 కోట్ల యూరోల మొదటి అప్పు, తర్వాత రెండోది, తర్వాత మూడోది. కానీ ఒక గ్రీకు కుటుంబానికి అది ఎలా అర్థమైందో చూడాలంటే 2011 సెప్టెంబరులో ప్రకటించిన ఆస్తి పన్ను చూడండి. ఇంటి చదరపు మీటర్ల లెక్కన పన్ను, వసూలు చేసేది మాత్రం కరెంటు బిల్లులో కలిపి. పన్ను కట్టకపోతే కరెంటు కట్! పన్ను ఆఫీసు వాళ్ల నోటీసైతే పక్కన పడేయొచ్చు, ఫ్రిజ్, హీటర్, ఇంట్లో ముసలివాళ్ల ఆక్సిజన్ మిషన్ ఆగిపోతాయంటే ఎవరు పడేస్తారు? ఆలోచించినవాడు తెలివైనవాడే, కానీ ఆ తెలివి క్రూరమైనది.

ఇక్కడ జనం స్పందన ఊరేగింపు కాదు. ఆ బిల్లును అక్కడికక్కడే ఎదుర్కొన్నారు. కరెంటు సంస్థ కార్మికుల యూనియన్ వాళ్లు నవంబరులో ఏథెన్స్‌లో కనెక్షన్ల కట్ ఆర్డర్లు తయారయ్యే భవనాన్ని ఆక్రమించారు, పోలీసులు వచ్చి నాయకులను అరెస్టు చేసి ఖాళీ చేయించారు. ఇంకోవైపు కోర్టులో కేసులు పడ్డాయి. 2012లో అక్కడి అత్యున్నత పరిపాలనా న్యాయస్థానం పన్ను వేయడం తప్పు కాదు, దానికోసం కరెంటు తీసేయడం మాత్రం చెల్లదు అని తేల్చింది. టీవీలో ఎక్కువ కనపడింది ఏథెన్స్ పార్లమెంటు ముందున్న సింతగ్మా చౌక్‌లో మంటలు. కానీ ఒక ఇంట్లో దీపం ఆరకుండా ఆపింది ఆ కార్మికులూ ఆ తీర్పూ.

మంటల మాట వచ్చింది కాబట్టి ఒకటి చెప్పాలి. 2010 మే 5న ఏథెన్స్ సమ్మె రోజున ఒక బ్యాంకు శాఖకు నిప్పు పెట్టారు, లోపల పనిచేస్తున్న ముగ్గురు చనిపోయారు, వాళ్లలో ఒకామె గర్భిణి. ఆ తర్వాత కొన్నాళ్లు వీధులు చల్లబడ్డాయి. ఆ నెలల వార్తలు చూసి 'గ్రీకులు సర్దుకుపోయారు' అని రాసినవాళ్లు పొరపడ్డారు, అది దుఃఖం, సిగ్గు కలిసిన మౌనం. ఏడాది దాటగానే, 2011 మే చివరలో, అదే చౌక్‌లో జనం టెంట్లు వేసుకుని కూర్చున్నారు.

ఇంకో దృశ్యం, నాకు ఎప్పటికీ మర్చిపోబుద్ధి కానిది. ఆర్థిక శాఖ ఆఫీసుల్లో ఊడ్చి తుడిచే ఆడవాళ్లు 595 మందిని 2013 సెప్టెంబరులో పనిలోంచి తీసేశారు, చాలామంది యాభై దాటినవాళ్లు, ఇంకెక్కడా పని దొరకనివాళ్లు. వాళ్లు మంత్రిత్వ శాఖ ముందే టెంటు వేసుకున్నారు, గుర్తుగా ఎర్ర రబ్బరు గ్లవ్స్ ఎత్తి పట్టుకునేవాళ్లు. కోర్టుకు వెళ్లారు, పోలీసులతో తోపులాటలు పడ్డారు, కదల్లేదు. 2015లో ప్రభుత్వం మారాక మళ్లీ పనిలోకి తీసుకున్నారు. వందల కోట్ల యూరోల అంకెల మధ్య ఈ ఆడవాళ్ల జీతం ఎంత ఆదా చేసిపెట్టి ఉంటుందో మీరే ఊహించుకోండి.

ఓటును చదవడం

వీధి ఒకటి చెప్తుంది, బ్యాలెట్ ఇంకొకటి చెప్తుంది, రెండూ ఒకే మనిషివి. కోతలు మొదలుపెట్టిన పాసోక్ పార్టీకి గ్రీస్‌లో 2009లో దాదాపు 44 శాతం ఓట్లు, 2012 మేలో 13 శాతం. ఐర్లండ్‌లో బ్యాంకుల అప్పులకు పూచీ పడ్డ ఫియానా ఫాయిల్ 2007లో 41.6 శాతం తెచ్చుకుని 2011లో 17.4కి పడిపోయింది. ఇలాంటి పతనాన్ని చదవడం తేలికే.

కష్టమైనది 2015 జులై 5 గ్రీస్ రెఫరెండం, అంటే ఒక ప్రశ్న మీద జనమే నేరుగా వేసే ఓటు. బ్యాంకులు మూసి ఉన్నాయి, ఏటీఎంలో రోజుకు 60 యూరోలకు మించి రావు, అందరికీ టెన్షన్, అయినా అప్పిచ్చేవాళ్ల షరతులకు 61.3 శాతం మంది 'వద్దు' అన్నారు. ఎనిమిది రోజుల తర్వాత ప్రధాని సిప్రాస్ దాదాపు అలాంటి షరతులకే ఒప్పుకుని మూడో అప్పు, 8,600 కోట్ల యూరోలు, ఖాయం చేసుకున్నాడు. సెప్టెంబరులో మళ్లీ ఎన్నికలు పెడితే మళ్లీ ఆయనే గెలిచాడు. ఇదేం జనం అనిపిస్తుంది కదా? మన ప్రశ్నలు వేయండి. అప్పటి సర్వేలన్నిట్లోనూ గ్రీకుల్లో ఎక్కువమంది యూరోలోనే ఉండాలన్నారు. కోతలు వద్దు, యూరో కావాలి, ఈ రెండూ ఒకేసారి కోరుకున్న మనిషికి బ్యాలెట్ కాగితం మీద రెండే గడులు ఉన్నాయి. సెప్టెంబరు ఫలితంలో గెలుపు శాతం కన్నా ముందు పోలింగ్ శాతం చూడండి, జనవరిలో దాదాపు 64, సెప్టెంబరులో 57 లోపే. ఇంట్లో కూర్చున్నవాళ్లు కూడా ఏదో చెప్తున్నారు, దాన్ని నమ్మకం అని మాత్రం రాయకూడదు.

చప్పుడు లేని చోట

ఐరిష్ జనం నోరెత్తలేదు, బుద్ధిగా భరించారు అని అప్పట్లో యూరప్ అంతా మెచ్చుకుంది. 2008 అక్టోబరులోనే, అంటే బెయిలవుట్‌కు రెండేళ్ల ముందే, 70 దాటినవాళ్లందరికీ ఉన్న ఉచిత వైద్య కార్డును ఆదాయాన్ని బట్టే ఇస్తామంటే ముసలివాళ్లు మండిపడ్డారు, ప్రభుత్వం వారానికే పరిమితి పెంచి చాలా మందికి కార్డు మిగిల్చింది, అయినా వేల మంది పార్లమెంటు ముందుకు వచ్చారు. తర్వాత నీళ్ల చార్జీలు. 2014లో మీటర్లు బిగించడానికి వచ్చినవాళ్లను వీధివీధినా అడ్డుకున్నారు, బిల్లులు కట్టని ఇళ్లు లక్షల్లో. 2016లో చార్జీలు నిలిపేశారు, కట్టినవాళ్లకు తర్వాత డబ్బు వెనక్కి ఇచ్చారు. మెచ్చుకున్నవాళ్లు ఈ రెంటినీ పట్టించుకోలేదు.

లాట్వియా ఇంకో రకం. 2009 జనవరిలో రీగాలో ఒక సాయంత్రం గట్టి గొడవ, వంద మందికి పైగా అరెస్టు, నెల తిరిగాక ప్రధాని రాజీనామా. కొత్త ప్రధాని దొంబ్రోవ్‌స్కిస్ ఇంకా కఠినమైన కోతలు పెట్టాడు, అయినా 2010 ఎన్నికల్లో గెలిచాడు. చూశారా, కోతలకు జనం ఒప్పుకుంటారు అని దీన్నే ఉదాహరణగా చూపించేవారు. 2000 జనాభా లెక్కల్లో ఆ దేశంలో సుమారు 23.8 లక్షల మంది, 2011లో 20.7 లక్షలు. జననాలు తగ్గడం ఒక కారణం, మిగతాది వలస. బ్రిటన్‌కో ఐర్లండ్‌కో బస్సెక్కిన మనిషి రీగాలో ఊరేగింపులో కనపడడు, ఓటరు క్యూలో కూడా చాలాసార్లు కనపడడు. కాబట్టి ఎక్కడైనా ప్రశాంతంగా ఉందని చదివితే ఆ దేశం వలస లెక్కలు వెతకండి.

ఇంటిపని

ఈసారి ఐస్‌లాండ్. 2008లో కూలిన ఒక ప్రైవేటు బ్యాంకు ఇంటర్నెట్ ఖాతాల్లో డబ్బు దాచుకున్న బ్రిటన్, నెదర్లాండ్స్ జనానికి ఆ ప్రభుత్వాలే ముందు డబ్బు చెల్లించి, తర్వాత మూడు లక్షల పైచిలుకు జనాభా ఉన్న ఐస్‌లాండ్‌ను తిరిగి కట్టమన్నాయి. పార్లమెంటు రెండుసార్లు ఒప్పుకుంది, అధ్యక్షుడు గ్రిమ్సన్ రెండుసార్లూ సంతకం పెట్టకుండా జనం ముందుకు పంపాడు. మొదటి ఒప్పందంలో వడ్డీ 5.55 శాతం, 2010 మార్చి ఓటులో 90 శాతానికి పైగా వద్దన్నారు. రెండోదాన్లో వడ్డీ 3 శాతం పైచిలుకుకు దిగింది, మిగతా షరతులూ సడలాయి, 2011 ఏప్రిల్‌లో దాదాపు 60 శాతం వద్దన్నారు. 2013 జనవరిలో ఎఫ్టా కోర్టు, అంటే ఐస్‌లాండ్ సభ్యురాలిగా ఉన్న యూరప్ స్వేచ్ఛా వాణిజ్య కూటమి కోర్టు, ఐస్‌లాండ్ వైపే తీర్పిచ్చింది.

మూడు ప్రశ్నలూ వేసి అరపేజీ రాయండి. ముఖ్యంగా ఇది తేల్చండి: షరతులు సడలితే కొందరు మనసు మార్చుకున్నారు, అయినా సగానికి పైగా మార్చుకోలేదు. ఆ మార్చుకోనివాళ్లు వద్దన్నది భారాన్నా, లేక ఆ అప్పు తమదే అనడాన్నా? కోర్టు తీర్పు తెలియనట్టే ఆలోచించండి, ఓటు వేసినప్పుడు వాళ్లకూ తెలియదు. 6వ భాగం మీ జవాబుల దగ్గర్నుంచే మొదలుపెడదాం, స్పెయిన్‌లో ఇంటి లోన్లు కట్టలేక తాళాలు పోగొట్టుకున్నవాళ్ల సంఘాల దాకా వెళ్దాం.