దేవునితో నడక – 4వ పాఠం: ఒక్క వచనంతో రోజంతా

పోయిన పాఠంలో వేకువజాము ఏకాంత ప్రార్థనకు ఒక చోటు, ఒక వేళ ఏర్పరచుకున్నాం. ఇంకా చీకటి ఉండగానే లేచి ఏకాంతానికి వెళ్లిన యేసు ప్రభువే (మార్కు 1:35) అందులో మనకు మాదిరి. ఇప్పుడు అసలు చిక్కు దగ్గరికి వద్దాం. ఉదయం అయిదింటికి మోకాళ్ల మీద ఉన్న మనిషి పది గంటలకు ఎక్కడ ఉంటున్నాడు?

చాలా ఏళ్లు నా బాధ ఇదే. మూడు అధ్యాయాలు చదివి చిత్తూరులో తిరుపతి బస్సు ఎక్కేవాణ్ని. పూతలపట్టు దాటకముందే అంతా మరిచిపోయేవాణ్ని.

"నాయందు నిలిచియుండుడి, మీయందు నేనును నిలిచియుందును" అన్నారు ప్రభువు (యోహాను 15:4). ఆయన ద్రాక్షావల్లిని, తీగెను చూపించి చెప్పారు. మన చిత్తూరు వాళ్లకు మామిడి అంటు ఇంకా బాగా తెలుసు. దామలచెరువు దగ్గర ఒక నర్సరీలో అంటు కట్టడం దగ్గరుండి చూశాను. టెంక నుంచి మొలిచిన నాటు మొక్క తల కోసి, కాండాన్ని నిలువునా చీల్చారు. తోతాపురి కొమ్మ అడుగును రెండు వైపులా ఏటవాలుగా చెక్కి ఆ చీలికలో దించారు. పచ్చి గాయాలు రెండూ ఒకదానికొకటి ఆనుకునేలా ప్లాస్టిక్ పట్టీతో బిగించి చుట్టారు. "అతికిందో లేదోనని విప్పి చూస్తే చచ్చిపోతుంది" అన్నారు అంటు కట్టిన పెద్దాయన. కొమ్మకు వేరే పని లేదు, అంటుకుని ఉండాలి అంతే. రసం వచ్చేది మొక్క నుంచే.

మనం వాక్యానికి అలా అంటుకోవడం ఎలా? "దివారాత్రము దానిని ధ్యానించువాడు ధన్యుడు" అంటుంది మొదటి కీర్తన. అక్కడి హీబ్రూ మాట 'హాగా'కు మెల్లగా గొణుక్కోవడం అనే అర్థం ఉంది. వేట మీద నిలిచిన సింహం గర్జనకూ (యెషయా 31:4), పావురం మూలుగుకూ (38:14) వాడింది ఇదే మాట. అంటే ధ్యానానికి మనసుతో పాటు నోరూ కావాలి.

ఈ వారానికి 23వ కీర్తన మొదటి వచనం చాలు: "యెహోవా నా కాపరి నాకు లేమి కలుగదు." ఉదయం ఒక్కో మాట దగ్గర ఆగుతూ నాలుగైదుసార్లు పలకండి. 'నా' దగ్గర ఎక్కువసేపు ఆగండి. నాకైతే ఆ ఒక్క అక్షరంతోనే ఒక వారం గడిచింది. తర్వాత వచనాన్ని రోజువారీ పనులకు ముడివేయండి. పొయ్యి వెలిగించినప్పుడు, బస్సు టికెట్టు తీసుకున్నప్పుడు, ఫోను మోగితే ఎత్తబోయే ముందు పలకండి. పలికాక మీ సొంత మాట ఒకటి కలపండి: "కాపరీ, సోమవారానికి పిల్లవాడి ఫీజు కట్టాలి, నీకు తెలుసు." మొక్కుబడిగా పదిసార్లు అనడం కన్నా ఇలా ఒక్కసారి అనడం మేలు.

మధ్యాహ్నానికి మరిచిపోతారు. తప్పకుండా మరిచిపోతారు. అప్పుడు పొద్దుటి నుంచి ఎన్నిసార్లు తప్పామో లెక్క వేస్తూ కూర్చోకండి. పట్టీ విప్పి చూడటమంటే అదే. గుర్తొచ్చిన క్షణంలో, ఉన్నచోటే మళ్లీ పలకండి.

పడుకునే ముందు, ఆ రోజు వచనం ఎక్కడ మిమ్మల్ని పట్టుకుందో నోటుపుస్తకంలో ఒక్క వరుస రాయండి. వచ్చే పాఠానికి ఆ ఏడు వరుసలూ కావాలి.